కాటా దగ్గర మొదలైన నాటకం సంతకం దాకా వచ్చింది

(మండల రైతు సంఘం వార్షిక సమావేశంలో సాంస్కృతిక దళం పని గురించి చేసిన ప్రసంగం)



మన సాంస్కృతిక దళం ఏడాదిగా ఏం చేసింది, ముందు ముందు ఏం చేయబోతోంది చెప్పమని కమిటీ నాకు అప్పజెప్పింది. ఏటా ఈ అంశం ఎజెండాలో ఆఖర్న ఉంటుంది. పది నిమిషాలిస్తారు, అదీ వంటవాళ్లు అన్నం దించేశారని కబురొచ్చాక. ఈసారి పొద్దున్నే పెట్టారు. ఎందుకో మీకు తెలుసు. దళం వేయబోయే కొత్త నాటకం మీద కమిటీలో గట్టిగా వాదన జరిగింది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, ఆ సంగతికే వస్తాను. చేసిన పని ముందు చెప్తాను.

దళం అంటే ఎనిమిది మంది. ఇద్దరు కౌలు రైతులు, ఒకాయన ఆటో తోలతాడు, ఒకబ్బాయి ఎరువుల కొట్టులో గుమాస్తా, ఒక తమ్ముడు హమాలీ. ఆడవాళ్లు ముగ్గురు. ఒకామె డ్వాక్రా గ్రూపు లీడరు, ఒకామె కూలికి వెళ్తుంది, ఇంకొకామె భర్త పోయాక రెండెకరాలు కౌలుకి చేసుకుంటోంది. పేర్లు చెప్పను, వాళ్లిక్కడే కూర్చున్నారు, మొహమాటపడతారు. ఈ ఎనిమిది మందిలో నాటకం నేర్చుకుని వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. రాములవారి గుళ్లో భజన చేసిన గొంతులు, పెళ్లిళ్లలో డోలక్ కొట్టిన చేతులు, అంతే.

పోయిన సార్వా కోతలప్పుడు వీళ్లు వేసింది కాటా నాటకం. ఇరవై నిమిషాలు. స్టేజీ లేదు, తెర లేదు. ఊరి మధ్యలో నలుగురు కూడే చోట సుద్దతో గుండ్రంగా గీత గీస్తారు, అదే స్టేజీ. ఒక వెదురు కర్ర, రెండు గోనె సంచులు, అట్టముక్కతో చేసిన తేమ మిషను. ఆ మిషను మిల్లు మనిషి చేతిలో ఉంటే 22 చూపిస్తుంది, రైతు చేతిలోకి రాగానే 17కి దిగుతుంది. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. ఎందుకంటే ధాన్యం కొనుగోలుకి తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన ప్రతి రైతుకీ కంఠతా వచ్చు, ఆ అంకె మిషను మిషనుకీ మారడం కూడా ప్రతి రైతూ చూసినదే.

నవ్వు అయిపోయాక లెక్క మొదలవుతుంది. అది నాకు బాగా నచ్చిన భాగం. గుమాస్తా అబ్బాయి సుద్దముక్క తీసుకుని నేల మీద రాస్తాడు. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మన బస్తా 75 కిలోలు. అంటే బస్తాకి 1,777 రూపాయలు రావాలి. తేమ అనో, తాలు అనో, మట్టి అనో బస్తాకి ఐదు కిలోలు తరుగు తీస్తే పోయేది 118 రూపాయలు. అక్కడ ఆగి, చూసేవాళ్లని అడుగుతాడు: "బాబాయ్, నీకు ఎకరాకి ఎన్ని బస్తాలు?" ఒకాయన ముప్పై అంటాడు. ముప్పైని 118తో హెచ్చవేయమని పక్కనున్న బడిపిల్లాడికి సుద్ద ఇస్తాడు. 3,540. "ఇది యూరియాకి సరిపోతుందా, కోత మిషనుకి సరిపోతుందా?" అంటాడు. అక్కడి నుంచి నాటకం మన చేతిలో ఉండదు. ఊళ్లోవాళ్లే మాట్లాడుకుంటారు.

మేం ఉపన్యాసాల్లో ఈ తరుగు సంగతి ఎన్నేళ్ల నుంచి చెప్తున్నాం? కరపత్రాలు వేశాం, తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్నాం. అవి చేయాల్సిన పనులే, ఇకముందూ చేస్తాం. కానీ ఒక ఊళ్లో నాటకం ఆడిన మర్నాడు పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు రెండు ఇరవై కిలోల తూకం రాళ్లు మోటారు సైకిలు మీద పెట్టుకుని కాటా దగ్గరికి వెళ్లారు. ముందు ఈ రాళ్లు తూచు, ఆ తర్వాత మా బస్తా తూచు అన్నారు. ఏ ఊరో, ఏ మిల్లో చెప్పను. ఆ రోజు నుంచి అక్కడ తరుగు ఐదు కిలోల నుంచి రెండుకి వచ్చింది. పూర్తిగా పోలేదు. ఆ రెండు కిలోల మీద ఇంకా పోట్లాట నడుస్తోంది.

దళం గురించి మాట్లాడేటప్పుడు మన పెద్దల్లో కొందరు ఒక మాట అంటారు. "సభకి ముందు రెండు పాటలు పాడించండి, జనం చేరతారు" అని. అంటే మీటింగు మొదలయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టే పని అన్నమాట. వక్తలు రాగానే మైకు లాగేసుకుంటారు. ఈ పద్ధతి మన సంఘంలో ఎప్పుడు వచ్చిందో తెలీదు గానీ, మన తాతల నాడు ఇలా లేదు.

ప్రజానాట్యమండలి 1943లో పుట్టింది. ఆ ఏడాదే బెంగాల్లో కరువు, లక్షల మంది ఆకలితో పోయారు. డాక్టర్ గరికపాటి రాజారావు గారు ఊరూరూ తిరిగి దళాలు కట్టారు. బెంగాల్ ఎక్కడ, మన కృష్ణా, గుంటూరు ఎక్కడ? ఆ రోజుల్లో టీవీ లేదు, మన ఊళ్లకి పేపరు కూడా సరిగా వచ్చేది కాదు. అయినా ఆ కరువు సంగతి ఇక్కడి వాళ్లకి చేరిందంటే అందులో బుర్రకథ పాత్ర చాలా ఉంది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ఆ కరువు మీద బుర్రకథ కట్టి చెప్పారు. ఎక్కడో చస్తున్న మనుషులు మన మనుషులే అనిపించేలా చెప్పేవారని మా నాన్న అనేవాడు. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది.

సుంకర సత్యనారాయణ గారు, వాసిరెడ్డి భాస్కరరావు గారు కలిసి రాసిన "ముందడుగు" జమీందారుకీ రైతుకీ మధ్య పోరాటం మీద నాటకం. ఆ తర్వాత 1947లో వాళ్లిద్దరే రాసిన "మా భూమి" తెలంగాణ రైతుల పోరాటం మీద. అక్కడ నిజాము రాజ్యంలో పోరాటం నడుస్తుంటే ఇక్కడ ఆంధ్ర జిల్లాల్లో పదుల కొద్దీ దళాలు ఆ నాటకం ఆడాయి. చివరికి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక సంగతి చెప్పి ముందుకెళ్తాను. కుర్రాళ్లలో చాలామంది "మా భూమి" అంటే సినిమా అనుకుంటున్నారు. 1979లో గౌతం ఘోష్ తీసిన సినిమా వేరు, అది కిషన్ చందర్ నవల ఆధారంగా వచ్చింది. ఈ నాటకం అంతకు ముప్పై ఏళ్ల ముందుది.

ఆడవాళ్లు గడప దాటితేనే తప్పు పట్టే రోజుల్లో మోటూరి ఉదయం గారు, కొండపల్లి కోటేశ్వరమ్మ గారు లాంటివాళ్లు ప్రజానాట్యమండలి వేదికలెక్కారు. ఈ మధ్య మన దళంలో ఒకామెని వాళ్ల బంధువులు "నడి బజార్లో గంతులేంటి" అన్నారట. ఆమెకి నేను కోటేశ్వరమ్మ గారి "నిర్జన వారధి" ఇచ్చాను. చదివి తిరిగిచ్చింది. ఇప్పుడు ఆ బంధువులే నాటకం చూడటానికి వస్తున్నారు. బాగుందని మాత్రం ఇంకా అనలేదు.

ఇదంతా పాత గొప్పలు చెప్పుకోవడానికి ఎత్తుకోలేదు. 2020 నవంబరు నుంచి ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నారు కదా. మూడు చట్టాలు రద్దు చేస్తామని ప్రధాని 2021 నవంబరు 19న చెప్పేదాకా అక్కడి నుంచి కదల్లేదు. సింఘూలో, టిక్రీలో వంటశాలలు నడిచాయి, గ్రంథాలయాలు నడిచాయి, ట్రాలీ టైమ్స్ అని ఒక పత్రిక నడిచింది, పంజాబు నాటక దళాలు వచ్చి నాటకాలాడాయి. ఆ పంజాబు దళాలు రాత్రికి రాత్రి పుట్టినవి కావు. గురుశరణ్ సింగ్ గారని ఒక ఇంజనీరు, భాక్రా నంగల్ డ్యాము కట్టేటప్పుడు పనిచేసిన మనిషి. ఆయన దశాబ్దాల పాటు పంజాబు పల్లెల్లో వీధి నాటకాలాడారు, 2011లో పోయారు. ఆయన వేసిన పునాది మీద నిలబడినవాళ్లు అక్కడ చాలామంది. పోరాటం వచ్చిన రోజున కళాకారుల్ని వెతుక్కోవాల్సిన అవసరం వాళ్లకి రాలేదు. మనకి వస్తుంది.

ఇక కొత్త నాటకం. ఇంకా పేరు పెట్టలేదు. దళం వాళ్లు మాట్లాడుకునేటప్పుడు సంతకం నాటకం అంటున్నారు.

కథ చిన్నది. భర్త పోయిన ఒక ఆడమనిషి రెండున్నర ఎకరాలు కౌలుకి చేస్తుంది. ఆమెకి సాగుదారు హక్కు పత్రం, మనం సీసీఆర్సీ కార్డు అంటున్నామే, అది కావాలి. 2019 చట్టం ప్రకారం అది రావాలంటే భూ యజమాని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకి యజమాని సంతకం అడిగేవారు కాదు. ఇప్పుడది లేనిదే పని జరగదు. ఆమె యజమాని చుట్టూ తిరుగుతుంది. ఆయన రేపు అంటాడు, మా అబ్బాయినడగాలి అంటాడు, నీకు కార్డెందుకమ్మా నేనున్నాను కదా అంటాడు. నాటకమంతా ఆ తిరుగుడే. కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, వడ్డీకి తెస్తుంది. కేంద్రం ఏడాదికిచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు యజమానికే పడతాయి. తుపానులో పంట మునిగితే ఆమె నష్టం ఎవరి పేరున రాయాలో తెలీక రాసేవాడు పెన్ను మూసేస్తాడు.

ఇందులో ఒక దృశ్యం ఉంది. పక్క ఊరి కౌలు రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. త్రిసభ్య కమిటీ వస్తుంది. ఆర్డీఓ గారు, డీఎస్పీ గారు, వ్యవసాయ శాఖ అధికారి. పాసుపుస్తకం ఉందా అంటారు, లేదు. కార్డు ఉందా, లేదు. బ్యాంకు అప్పు ఉందా, లేదు. "మరి ఇతను రైతేనని ఎలా అనుకోమంటారు?" అని అడుగుతారు. అతని తల్లి ఏం మాట్లాడదు, గోడకి ఆనించిన పార చూపిస్తుంది. ఇది దళం వాళ్లు ఊహించి రాసింది కాదు. పరామర్శకి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో చూసింది.

కమిటీలో గొడవ దేని మీదంటే, ఆ యజమాని పాత్ర మీద. "ముందడుగు"లో జమీందారు ఉంటాడు. వాడు మన ఊరివాడు కాడు, మన మీటింగుకి రాడు, వాణ్ణి ఎంత తిట్టినా మనకేం ఇబ్బంది లేదు. ఈ నాటకంలో యజమానికి మూడెకరాలుంది. రిటైరైన టీచరు. కూతురు హైదరాబాదులో. ఆయన మన సంఘం సభ్యుడు కూడా కావొచ్చు. ఈ హాల్లో పొలం కౌలుకి ఇచ్చినవాళ్లు చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మా ఇంట్లోనూ మా బావగారి ఎకరం ఒకటి కౌలుకి ఇచ్చే ఉంది.

ఒక పెద్దాయన, నాకు గురువు లాంటివాడు, కమిటీలో అన్నారు: "చిన్న రైతునీ కౌలు రైతునీ ఒక సంఘంలో కూర్చోబెట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఒక్క నాటకంతో దాన్ని చీల్చొద్దు." ఆయన భయంలో నిజముంది. రెండు ఊళ్లలో సభ్యత్వం తగ్గుతుందని కూడా లెక్క చెప్పారు. ఇంకొకరు, నాటకంలో యజమానిని పక్క జిల్లా వాడిగా మార్చేయమన్నారు. దానికి మన హమాలీ తమ్ముడు, "మామయ్యా, ఏ జిల్లాలో ఆడినా యజమాని పక్క జిల్లా వాడే అంటే, ఇక యజమాని ఎక్కడున్నట్టు?" అన్నాడు. నవ్వేశాం గానీ ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా మాట నేను చెప్తాను. యజమాని ఎందుకు సంతకం పెట్టడు? దుర్మార్గుడై కాదు, చాలామంది విషయంలో. భయం. సంతకం పెడితే భూమి పోతుందని, పదేళ్ల తర్వాత కౌలుదారు కోర్టుకెక్కుతాడని, అమ్మబోతే కొనేవాడు వెనక్కి తగ్గుతాడని. ఈ భయం వాళ్ల తాతల కాలం నాటి కౌలుదారీ చట్టం మీద విన్న కథల నుంచి వచ్చింది. 2019 చట్టంలో ఆ సంగతి విడమర్చి రాశారు. ఒప్పందం పదకొండు నెలలకే, పంట మీద హక్కే గానీ భూమి మీద హక్కు రాదు, యజమాని పట్టాకి ఏ ఢోకా లేదు. ఈ మాట యజమానులకి ఎవరు చెప్పారు? రెవెన్యూ వాళ్లు ఊరూరూ తిరిగి చెప్పారా? మనం చెప్పామా? కౌలు రైతుల సభల్లో చెప్పాం, యజమానులు ఆ సభలకి రారు. నాటకానికి వస్తారు. అరుగు మీద కూర్చున్న మనిషి లేచి వెళ్లకుండా చూసేది నాటకం ఒక్కటే.

అందుకే దళంతో కూర్చుని ఆ పాత్రని మళ్లీ రాయించాం. మొదటి ముసాయిదాలో ఆయన మీసం తిప్పుతూ వచ్చేవాడు. అది తీసేశారు. ఇప్పుడు ఆయన రాత్రి నిద్రపట్టక భార్యతో మాట్లాడే దృశ్యం ఒకటి ఉంది. ఆయన మందుల ఖర్చు, కూతురి ఇంటి అప్పు, ఆ మూడెకరాలే తన చివరి ధైర్యం అన్న సంగతి అందులో వస్తుంది. చూసిన కౌలు రైతు కూడా ఆయన్ని అర్థం చేసుకుంటాడు. ఆ తర్వాత కూడా ఆయన సంతకం పెట్టకపోతే అప్పుడు ఊరే అడుగుతుంది. నాటకం చివర ఆయన పెన్ను తీస్తాడా లేదా దళం చెప్పదు. పెన్ను చూసేవాళ్లలో ఒక యజమాని చేతికిస్తారు. ఇది కాస్త మొండితనమే. నాకు నచ్చింది. పెద్దాయనకి నచ్చలేదు. సంతకం షరతే ఎత్తేయాలన్న మన డిమాండు మీద ఇద్దరికీ తేడా లేదు. అది సాధించేదాకా ఈ ఏడు పొలం దున్నేవాడి సంగతేంటన్నదే ప్రశ్న.

ఆ ఆడమనిషి పాత్ర వేసే చెల్లెమ్మ నిజంగానే కౌలు రైతు అని చెప్పాను కదా. ఆమె పొలం యజమాని ఈ నాటకం సంగతి విన్నాడు. వచ్చే ఏటికి పొలం వేరేవాళ్లకిస్తానేమో అని ఒక మాట వదిలాడు. ఆమె నా దగ్గరికొచ్చి, "అన్నా, వేషం మానను. కానీ పొలం పోతే సంఘం నా వెనక ఉంటుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇప్పుడు మీ అందరి ముందు పెడుతున్నాను. ఇది నేనొక్కణ్ణీ జవాబు చెప్పేది కాదు. మధ్యాహ్నం తీర్మానాల్లో పెట్టించాను, చర్చించి చేతులెత్తండి.

సఫ్దర్ హష్మీ పేరు మీలో చాలామంది విన్నారు. ఢిల్లీ దగ్గర ఝండాపూర్‌లో 1989 జనవరి 1న కార్మికుల బస్తీలో వీధి నాటకం ఆడుతుంటే గూండాలు కొట్టారు, మర్నాడు చనిపోయాడు. రామ్ బహదూర్ అనే కార్మికుణ్ణి కూడా చంపేశారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ దళంతో అదే చోటుకి వెళ్లి, ఆగిపోయిన నాటకం పూర్తి చేసింది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 12ని వీధి నాటక దినంగా జరుపుకుంటారు. మన కొత్త నాటకం మొదటి ప్రదర్శన ఆ రోజే వేయాలని దళం అనుకుంటోంది. ఇంకో కారణం కూడా ఉంది. ఉగాది దాటాక ఏరువాక లోపు కౌలు మాటలన్నీ కుదిరిపోతాయి. ఒప్పందాలు కుదిరే రోజుల్లో ఆడితేనే ఉపయోగం. నాట్లు పడ్డాక ఆడితే వచ్చే ఏడాది గురించి మాట్లాడుకున్నట్టే.

రెండో పని బుర్రకథ. ముగ్గురు డిగ్రీ చదివే ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. నేర్పేది డెబ్బై దాటిన ఒక పాత కళాకారుడు. ఇల్లు కదల్లేడు, పిల్లలే ఆయన దగ్గరికి వెళ్తున్నారు. విషయం పొలం పని చేసే ఆడవాళ్లు, పాసుపుస్తకంలో లేని వాళ్ల పేర్లు. బుర్రకథలో ఒక సుగుణం ఉంది. కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఆ రాజకీయం చెప్పే వంత ఎక్కడికి వెళ్తే అక్కడి సంగతి కథలోకి తేవచ్చు. మిర్చి ఊళ్లో మిర్చి ధర, ధాన్యం ఊళ్లో తరుగు. అందుకని మీ ఊరికి దళం వచ్చే ముందు రోజు గ్రామ కమిటీ వాళ్లు ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఊరి సమస్య చెప్పండి. ఉత్త "స్వాగతం" బ్యానరు కట్టి ఊరుకోవద్దు.

ఖర్చుల మాట. ఒక ప్రదర్శనకి ఎనిమిది మంది ఒక పూట కూలి పోగొట్టుకుంటున్నారు. ఆటో ఆయన తన డీజిలే పోస్తున్నాడు. డోలక్ తోలు చిరిగి మూడు నెలలైంది. సభ్యత్వ రుసుములో మనిషికి రెండు రూపాయలు దళం పేరున పక్కన పెట్టాలని నా ప్రతిపాదన. మైకు అద్దెకి మనం పెట్టే దానితో పోలిస్తే ఇది లెక్కలోది కాదు.

వచ్చే ఆదివారం సాయంత్రం సొసైటీ గోదాములో సంతకం నాటకం ముసాయిదా చదువుతారు. పొలం కౌలుకి ఇచ్చినవాళ్లు తప్పకుండా రండి. మీకు అన్యాయంగా అనిపించిన మాట ఉంటే అక్కడే చెప్పండి, మార్చాల్సింది మారుస్తారు. పెద్దాయన కూడా వస్తానన్నారు. ఆయన ముందు వరుసలోనే కూర్చుంటారు, నాకు తెలుసు.

ఇప్పుడు దళం కాటా నాటకం ఆడుతుంది. ముందు వరుసల్లో ఉన్నవాళ్లు కుర్చీలు కాస్త వెనక్కి జరపండి, సుద్ద గీయడానికి చోటు కావాలి.